జెండా లేవకముందే లేచే చెయ్యి



ఉదయగిరిలో గానీ ఆత్మకూరులో గానీ సాయంత్రం బడి వదిలాక గ్రౌండు పక్కన ఓ పావుగంట నిలబడితే మన వైపు ఏ ఆటకు ఎంత చోటుందో తెలిసిపోతుంది. సగానికి పైగా నేలను క్రికెట్ ఆక్రమించుకుంటుంది. ఓ మూల వాలీబాల్ నెట్టు, ఇంకో మూల కబడ్డీ గీతలు. వీటన్నిటి మధ్య సందు చేసుకుని కొందరు పిల్లలు ఫుట్‌బాల్ తన్నుకుంటూ పోతుంటారు. గోల్ స్తంభాలుంటే సరి, లేకపోతే రెండు పుస్తకాల సంచులు. ఆ ఆటలో ఒక ఘట్టం తప్పకుండా వస్తుంది. అవతలి జట్టువాడు వెనకనుంచి పడిన బంతిని అందుకుని గోలు మీదికి పరిగెత్తుతాడు. వాణ్ణి అడ్డుకోవాల్సిన డిఫెండర్ ఉన్నచోటే ఆగి, కుడిచెయ్యి పైకెత్తి, "సార్, ఆఫ్‌సైడ్ సార్!" అని అరుస్తాడు. అరుపు పూర్తయ్యేలోపే బంతి సంచుల మధ్యనుంచి వెళ్లిపోయి ఉంటుంది. సారు విజిల్ ఊదలేదు. చెయ్యి మాత్రం ఇంకా పైనే ఉంటుంది.

ఈ చెయ్యి గురించే ఇవాళ నా మాటలు. ఇది మన పల్లె పిల్లలు కనిపెట్టింది కాదు. కోట్ల రూపాయల జీతాలు తీసుకునే డిఫెండర్లు కూడా టీవీల్లో రోజూ ఎత్తే చెయ్యే. అయితే మన పిల్లల చేతిలో ఒక ప్రత్యేకత ఉంది. అది క్రికెట్ నేర్పిన చెయ్యి.

ఆలోచించండి. మన పిల్లవాడు నడక నేర్చిన కొన్నేళ్లకే బ్యాట్ పడతాడు. బంతి ప్యాడుకు తగిలితే గుంపంతా గాల్లోకి లేచి "హౌజట్" అని అరవాలని ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటాడు. అది అల్లరి కాదు, ఆ ఆట చట్టమే అట్లా ఉంది. క్రికెట్ చట్టాల్లో 31వది పూర్తిగా అప్పీలు గురించే. ఫీల్డింగ్ జట్టు అడగకపోతే, బ్యాటర్ నిజంగా అవుటైనా సరే, అంపైర్ తనంతట తాను వేలెత్తకూడదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారే, అక్కడ అది రాసిపెట్టిన నిబంధన. కాబట్టి క్రికెట్‌లో అరవడం కూడా ఆటలో భాగమే, చెయ్యాల్సిన పనే.

ఫుట్‌బాల్‌కు మొత్తం పదిహేడు చట్టాలు. వాటిలో ఎక్కడా ఆటగాడు అప్పీలు చేస్తేనే తప్పు తప్పవుతుందని లేదు. రెఫరీ చూశాడా, ఊదుతాడు. చూడలేదా, లేక చూసీ తప్పు కాదనుకున్నాడా, ఆట సాగుతుంది. మీరు అరిచినందువల్ల న్యాయం పుట్టదు. మరీ ఎక్కువ అరిచి వాదానికి దిగితే పసుపు కార్డు పుడుతుంది. క్రికెట్ గ్రౌండు నుంచి నాలుగడుగులు వేసి ఫుట్‌బాల్ గ్రౌండులోకి వచ్చిన పిల్లవాడికి ఈ తేడా ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఆటలో నియమాలు చెబుతారు, ఆటకూ ఆటకూ మధ్య ఉన్న ఈ మర్యాదల తేడా చెప్పరు.

ఆ మాటకొస్తే క్రికెట్‌లో కూడా బంతి చచ్చిందని మనం అనుకుంటే చాలదు. 2023 జులైలో లార్డ్స్ మైదానంలో యాషెస్ టెస్టు జరుగుతోంది. ఇంగ్లండ్ బ్యాటర్ జానీ బెయిర్‌స్టో తల వంచి బంతిని వదిలేశాడు. ఇక ఆ ఓవరు అయిపోయిందనుకుని క్రీజు దాటి నింపాదిగా ముందుకు నడిచాడు. వెనక ఆస్ట్రేలియా కీపర్ అలెక్స్ కేరీ బంతిని వికెట్ల మీదికి విసిరాడు. అవుట్. ఇంగ్లండ్ అంతా గగ్గోలు పెట్టింది, క్రీడాస్ఫూర్తి అంది, ప్రధానమంత్రులు కూడా మాట్లాడారు. స్కోరు పుస్తకంలో మాత్రం అవుట్ అవుటే.

సరే, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలియని శ్రోతలుంటారు. పెద్దలకూ ఆటలు చూడని అమ్మలకూ రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. అవతలి జట్టు గోలు దగ్గర కాపు కాసి, బంతి ఎప్పుడొస్తుందా, ఎప్పుడు లోపలికి తోసేద్దామా అని నిలబడకూడదన్నది ఈ నియమం ఉద్దేశం. తన జట్టువాడు బంతిని తన్నిన క్షణంలో, అవతలి సగంలో ఉన్న ఆటగాడు బంతికంటే ముందుండి, అవతలి జట్టులో చివరినుంచి రెండో మనిషి కంటే కూడా గోలు గీతకు దగ్గరగా ఉంటే, అతను ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్నట్టు. చివరి మనిషి మామూలుగా గోల్‌కీపరే కాబట్టి, ఆఖరి డిఫెండర్‌ను దాటి నిలబడితే ఆఫ్‌సైడ్ అని మోటుగా అనుకోవచ్చు. త్రో ఇన్, గోల్ కిక్, కార్నర్ కిక్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఇది వర్తించదు.

1863లో ఇంగ్లండ్‌లో తొలిసారి నియమాలు రాసుకున్నప్పుడు ఇది ఇంకా కఠినం. బంతికి ముందున్న సొంత జట్టువాళ్లెవరూ ఆటలో లేనట్టే లెక్క. 1866లో సడలించారు. గోలుకూ అతనికీ మధ్య ముగ్గురు ఉంటే చాలన్నారు. ఈ 'ముగ్గురు' అన్న లెక్కను పట్టుకుని ఆడిన డిఫెండర్లు కొందరు పుట్టుకొచ్చారు. న్యూకాసిల్ జట్టులో బిల్ మెక్‌క్రాకెన్ అనే ఐర్లండ్ వాడు అందులో పండిపోయాడు. సరైన క్షణంలో ఒకడుగు ముందుకు వేసేవాడు, అవతలివాళ్లు వరసగా ఆఫ్‌సైడ్‌లో దొరికేవాళ్లు. ఆట నిమిషానికోసారి ఆగేది. జనానికి విసుగొచ్చింది. చివరికి 1925లో ముగ్గురిని ఇద్దరు చేశారు. అంతకుముందు సీజన్‌లో ఇంగ్లిష్ లీగులో 4,700 గోల్స్ పడితే, ఆ మరుసటి సీజన్‌లో 6,373 పడ్డాయి. ఒక్క అంకె మార్చినందుకు! 1990లో డిఫెండర్‌తో సమానంగా నిలబడినా ఆఫ్‌సైడ్ కాదని ఇంకొంచెం వదులు చేశారు. అంటే గమనించారా, వందేళ్లకు పైగా ఈ చట్టం ఒకే దిక్కుకు నడుస్తోంది. అనుమానం వస్తే గోలు కొట్టేవాడి వైపే మొగ్గుతోంది. చెయ్యెత్తే డిఫెండర్ ఈ నడకకు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

ఇప్పుడు అసలు మెలిక. ఆఫ్‌సైడ్ స్థానంలో ఉండటం తప్పు కాదు. మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే గ్రౌండులో సగం తగాదాలు ఇక్కడే పుడతాయి. అక్కడ నిలబడటం తప్పు కాదు. అక్కడినుంచి ఆటలో వేలు పెడితే తప్పు. బంతిని తాకాలి, లేదా గోల్‌కీపర్‌కు బంతి కనపడకుండా అడ్డం నిలబడాలి, లేదా స్తంభానికో కీపర్‌కో తగిలి తిరిగొచ్చిన బంతితో లాభం పొందాలి. అప్పుడే విజిల్.

కళ్లకు కట్టినట్టు చెబుతాను. ఎర్ర చొక్కా జట్టు దాడి చేస్తోంది. ఎర్ర చొక్కావాడొకడు మీ డిఫెండర్ వెనక, గోలు దగ్గర, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నిస్సందేహంగా ఆఫ్‌సైడ్ స్థానం. మధ్యనుంచి బంతి పొడుగ్గా వచ్చింది. మీ డిఫెండర్ కంటికి వీడు కనిపించాడు. చెయ్యెత్తాడు, ఆగాడు. కానీ నడుం మీద చేతులు పెట్టుకున్నవాడు కదల్లేదు, బంతిని ముట్టలేదు. అంచునుంచి, మీ డిఫెండర్ వెనకనుంచి, ఇంకో ఎర్ర చొక్కా దూసుకొచ్చింది. బంతి తన్నిన క్షణంలో అతను సరైన చోటే ఉన్నాడు. అతను బంతి పట్టుకుని గోలు కొట్టాడు. రెఫరీ మధ్య గీత వైపు చెయ్యి చూపించాడు. మీవాడు ఇప్పుడు రెండు చేతులూ ఎత్తాడు. "సార్, వాడు ఆడ ఉండాడు గదా సార్!" ఉండాడు అబ్బయ్యా, ఉండాడు. ఉంటే ఏమైంది?

ఆ చెయ్యెత్తడానికి పట్టే కాలమెంత? అర సెకను అనుకోండి. బడి పిల్లవాడు గట్టిగా పరిగెత్తితే సెకనుకు ఆరు మీటర్లు పోతాడు. అర సెకనులో మూడు మీటర్లు. పైగా చెయ్యెత్తినవాడు ఉత్తినే ఉండడు, తల తిప్పి గీత పక్కన జెండా పట్టుకున్నవాణ్ణి చూస్తాడు, అంటే బంతిని చూడటం మానేస్తాడు. ఆగిన కాళ్లు మళ్లీ వేగం అందుకోవాలి. అంతా కలిస్తే ఎదుటివాడికి నాలుగైదు మీటర్లు దానంగా ఇచ్చినట్టే. పెనాల్టీ ఏరియా లోతే పదహారున్నర మీటర్లు. అందులో నాలుగో వంతు ఉచితంగా రాసిచ్చి, మళ్లీ అన్యాయం జరిగిందనడం నాకు వింతగా ఉంటుంది.

జెండా పట్టుకునే ఆయన గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1996 నుంచి ఆయన పేరు అసిస్టెంట్ రెఫరీ. మన నోట ఇంకా లైన్స్‌మనే. ఆయన పని ఎంత కష్టమో చెయ్యెత్తేవాళ్లు ఎప్పుడూ ఆలోచించరు. ఒకే క్షణంలో రెండు చోట్ల చూడాలి. ఎక్కడో దూరంగా బంతి కాలిని వదిలిన క్షణాన్నీ, ఇక్కడ తన ఎదురుగా చివరి డిఫెండర్ గీతనూ. 2000లో నెదర్లాండ్స్ పరిశోధకులు 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. ఆఫ్‌సైడ్ నిర్ణయాల్లో పొరపాట్లకు పక్షపాతం కంటే పెద్ద కారణం ఆయన నిలబడే చోటేనని అందులో చూపించారు. డిఫెండర్ గీతకు సరిగ్గా ఎదురుగా కాకుండా కొంచెం అటో ఇటో ఉంటే, చూపు కోణం మారి, లేనిది ఉన్నట్టూ ఉన్నది లేనట్టూ కనిపిస్తుంది. అంత సున్నితమైన పని చేస్తున్న మనిషి మీదికి డిఫెండర్లంతా ఒకేసారి చెయ్యెత్తి అరిస్తే అదొక ఒత్తిడి. ఒత్తిడి కోసమే ఎత్తుతారనుకోండి, ఆ సంగతి అందరికీ తెలుసు. పాత రోజుల్లో అది కొంత పనిచేసింది కూడా. ఇప్పుడు పెద్ద పోటీల్లో వీడియో రెఫరీ వచ్చాక, గోలు పడే అవకాశం ఉన్న దాడి సాగుతుంటే జెండాను వెంటనే ఎత్తొద్దని, అది పూర్తయ్యాక ఎత్తమని అసిస్టెంట్లకు చెబుతున్నారు. అంటే జెండా మరీ ఆలస్యంగా లేస్తుంది. ముందే చెయ్యెత్తి ఆగినవాడు ఇంకా ఎక్కువసేపు ఆగి ఉంటాడు.

అయితే చెయ్యెత్తిన ప్రతివాడూ సోమరి అని నేననను. ఇటలీలో ఏసీ మిలాన్ జట్టు 1989, 1990లలో వరసగా యూరోపియన్ కప్ గెలిచింది. ఆ జట్టు డిఫెన్స్‌కు నాయకుడు ఫ్రాంకో బరేసి. చెయ్యెత్తిన బరేసి బొమ్మ ఆ కాలం అభిమానుల కళ్లలో ఇప్పటికీ ఉంటుంది. కానీ ఆ చెయ్యి చివర లేచేది. ముందు నలుగురు డిఫెండర్లూ ఒకే తాడుతో లాగినట్టు ఒక్కసారి ముందుకు కదిలేవారు. దాన్ని కోచ్ అరిగో సాకి గంటల తరబడి సాధన చేయించేవాడు. పని ముగిశాకే చెయ్యి. లండన్‌లో ఆర్సెనల్‌ది కూడా ఇదే కథ. టోనీ ఆడమ్స్ కెప్టెన్‌గా ఆ నలుగురు డిఫెండర్లూ ముందుకడుగేసి చేతులెత్తడం ఎంత పేరుపొందిందంటే, 1997లో వచ్చిన 'ది ఫుల్ మాంటీ' అనే హాస్య సినిమాలో, నాట్యం రాని మొరటు మగాళ్లకు అడుగులు నేర్పడానికి ఆర్సెనల్ ఆఫ్‌సైడ్ వల ఆడినట్టు ఆడండిరా అంటే, అందరూ టక్కున అందుకుంటారు. జర్మనీ గోల్‌కీపర్ మాన్యుయెల్ నోయర్ మాత్రం వేరే రకం. గోలు పడినా, పడబోతున్నా, ఆయన చెయ్యి లేస్తుంది. ఆ అలవాటు మీద ఆ దేశంలో బోలెడు జోకులున్నాయి. ఒక్క గోలీకి అది చెల్లిందేమో, ఎందుకంటే ఆయన ఒక చెయ్యి ఎత్తి రెండో చేత్తో బంతిని ఆపగలడు. మన ఆత్మకూరు హైస్కూలు డిఫెండర్‌కు చేతులు వాడే హక్కే లేదు.

2022 నవంబరు 22న ఖతార్‌లోని లుసైల్ స్టేడియంలో ఏం జరిగిందో గుర్తుందా? ప్రపంచకప్‌లో అర్జెంటీనా మీద సౌదీ అరేబియా. పదో నిమిషంలోనే మెస్సీ పెనాల్టీతో గోలు కొట్టాడు. ఆ తర్వాత మొదటి సగంలో అర్జెంటీనా ఇంకో మూడుసార్లు బంతిని గోలులోకి పంపింది. మూడూ ఆఫ్‌సైడ్. సౌదీ డిఫెండర్లు ఎంత సాహసంగా ముందుకొచ్చి గీత గీశారంటే, చూసేవాళ్లకు గుండె దడ. ఒక్కడు తప్పటడుగు వేస్తే అయిదు గోల్స్ పడాల్సిన ఆట. వాళ్లు జెండాను నమ్మారు. కానీ జెండా లేచేదాకా వెంటపడుతూనే ఉన్నారు. రెండో సగంలో సాలెహ్ అల్ షెహ్రీ, సాలెం అల్ దౌసారి చెరో గోలు కొట్టి 2-1తో గెలిచారు. ఆ కప్పు చివరికి అర్జెంటీనాదే అయినా, ఆ ఒక్క రోజు ఆఫ్‌సైడ్ వలకు పాఠ్యపుస్తకం.

అదే ఖతార్‌లో మనకు ఇంకో రోజు ఉంది. అది చెప్పడానికి కొంచెం కష్టంగా ఉంటుంది. మన ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట మండలాల నుంచి గల్ఫ్‌కు పోయి పనిచేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఫుట్‌బాల్ చూసేవాళ్లకు ఆ రాత్రి బాగా గుర్తుండి ఉంటుంది. 2024 జూన్ 11, దోహా. ప్రపంచకప్ అర్హత పోటీ, భారత్, ఖతార్. సునీల్ ఛెత్రి అయిదు రోజుల ముందే కోల్‌కతాలో కువైట్‌తో ఆడి అంతర్జాతీయ ఆటకు సెలవు చెప్పాడు. ఆయన లేకుండా మొదటి మ్యాచ్. 37వ నిమిషంలో ఛాంగ్‌తే గోలు కొట్టాడు. మనం 1-0 ముందు. ఆ గెలుపుతో మన దేశం ఎన్నడూ చేరని మూడో రౌండుకు చేరవచ్చు. 73వ నిమిషం. ఖతార్ ఆటగాడు యూసెఫ్ ఐమెన్ తలతో కొట్టిన బంతిని మన కెప్టెన్, గోలీ గురుప్రీత్ సింగ్ సంధు ఆపాడు. బంతి ఆయన శరీరం పక్కనుంచి జారి గోలు గీత దాటి బయటికి వెళ్లింది. కార్నర్ అనుకుని మనవాళ్లు సడలారు. అవతలివాడు హష్మీ హుసేన్ ఆ బయటికెళ్లిన బంతిని కాలితో లోపలికి లాగాడు. ఐమెన్ దాన్ని గోలులోకి నెట్టాడు. కొరియా రెఫరీ గోలు ఇచ్చాడు. మన వాళ్లంతా ఆయన్ని చుట్టుముట్టారు. ఆ దశ పోటీల్లో వీడియో రెఫరీ లేడు. 85వ నిమిషంలో ఖతార్ రెండో గోలు కొట్టింది. 1-2. అయిపోయింది.

ఇక్కడ నేను మన ఆటగాళ్లను నిందించను. బంతి పూర్తిగా బయటికి పోయింది, ఫొటోలు చూస్తే చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. న్యాయం ముమ్మాటికీ మనవైపే. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఫిర్యాదు చేసింది, విచారణ కోరింది. ఫలితం మాత్రం మారలేదు. అందుకే ఈ మ్యాచ్‌ను పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలంటాను. తప్పు ఆఫ్‌సైడ్ అప్పీలు చేసి ఓడినవాడి కథ సులభం, అందరూ నవ్వి ఊరుకుంటారు. నిజం తనవైపు ఉండి కూడా ఆగినందుకు ఓడినవాడి కథే కష్టమైనది. బంతి గీత దాటగానే ఆట ఆగినట్టేనని చట్టం అంటుంది. కానీ దాటిందో లేదో చెప్పాల్సిన కళ్లు నీవి కావు, రెఫరీవి. ఆ కళ్లు ఆ క్షణంలో ఎటు చూస్తున్నాయో నీకు తెలియదు.

మన పొరుగున బెంగళూరులో 2023 మార్చి 3న ఇంకో రకం జరిగింది. మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్‌లో నాకౌట్ మ్యాచ్, కంఠీరవ స్టేడియం, బెంగళూరు మీద కేరళ బ్లాస్టర్స్. తొంభై నిమిషాలకు స్కోరు 0-0. అదనపు సమయంలో, 96వ నిమిషంలో బెంగళూరుకు ఫ్రీ కిక్ దొరికింది. బ్లాస్టర్స్ వాళ్లు గోడ కట్టుకునే హడావిడిలో ఉండగా ఛెత్రి ఆగకుండా బంతిని గోలులోకి వంచాడు. రెఫరీ విజిల్ కోసం ఆగమని చెప్పకపోతే, త్వరగా తన్నేసే హక్కు చట్టంలో ఉంది. గోలు ఇచ్చారు. బ్లాస్టర్స్ కోచ్ ఇవాన్ వుకొమానోవిచ్ తన జట్టును గ్రౌండు నుంచి బయటికి పిలిచేశాడు. మ్యాచ్ బెంగళూరుకే పోయింది, బ్లాస్టర్స్‌కు నాలుగు కోట్ల జరిమానా పడింది, కోచ్‌ను పది మ్యాచ్‌లు దూరం పెట్టారు. ఇంకా దాదాపు పాతిక నిమిషాల ఆట ఉంది. ఒక గోలు తిరిగి కొట్టడానికి పాతిక నిమిషాలు తక్కువేం కాదు.

మన పడమటి మండలాల వాళ్లకు అర్జీ కొత్త కాదు. సోమవారం గ్రీవెన్సుకు పోయి అర్జీ ఇచ్చి వచ్చిన రైతు, ఇక పని అయిపోయిందని చేలో అడుగు పెట్టకుండా కూర్చుంటాడా? అర్జీ దారి అర్జీది, నాగలి దారి నాగలిది. ఆఫ్‌సైడ్ చెయ్యి కూడా అంతే. ఎత్తాలనిపిస్తే ఎత్తుకో, పరిగెత్తుతూ ఎత్తు.

ఫుట్‌బాల్ మీద మనసు లేనివాళ్ల కోసం కబడ్డీలోకి వస్తాను, ఎందుకంటే మన వైపు ఈ సంగతి అందరికీ అక్కడే బాగా అర్థమవుతుంది. కూతకొచ్చినవాణ్ణి ఇద్దరు చీలమండ దగ్గర పట్టుకున్నారు. వాడి కూత తెగిందని ఒకడికి అనిపించింది. "కూత ఆగింది సార్!" అని పట్టు వదిలి రెఫరీ వైపు తిరిగాడు. కూతకొచ్చినవాడు ఆ సందులో ఒక్క ఊపుతో పొడుగ్గా పడి వేళ్లతో మధ్య గీత తాకాడు. పట్టుకున్న ఇద్దరూ అవుట్, అవతలి జట్టుకు రెండు పాయింట్లు. ఇలాంటిది జరిగినప్పుడు పెద్దలు పట్టు వదిలినవాణ్ణే తిడతారు, రెఫరీని కాదు. కబడ్డీలో మనకు ఆ వివేకం తరాలుగా ఉంది. ఫుట్‌బాల్‌లోకి అది ఇంకా దిగలేదు.

అలాగని మన దగ్గర ఫుట్‌బాల్ లేకపోలేదు. ఒకప్పుడు దేశపు ఫుట్‌బాల్‌కు వెన్నెముక తెలుగు నేల మీదే ఉండేది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడి పంతులు. ఆయన శిక్షణలోనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో తులసీదాస్ బలరాం, డిఫెండర్ అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, జుల్ఫికరుద్దీన్, వీళ్లంతా జంటనగరాల నేల మీద ఆడి పెరిగినవాళ్లు. రహీం సాబ్ పద్ధతులు విచిత్రంగా ఉండేవి. డ్రిబ్లింగ్ చెయ్యకూడదని ఒక పోటీ, చేతకాని కాలితోనే తన్నాలని ఇంకో పోటీ పెట్టేవారు. అలవాటైన పనిని నిషేధిస్తే తప్ప కొత్తది రాదని ఆయన నమ్మకం కాబోలు.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన చేసిన పని డిఫెండర్లకు సంబంధించిందే. జర్నైల్ సింగ్ మన జట్టుకు కొండలాంటి డిఫెండర్. థాయిలాండ్ మీద ఆడుతూ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం ఆయన్ని పక్కన కూర్చోబెట్టలేదు. తలకు కట్టుతోనే సెమీఫైనల్లో, ఫైనల్లో ఫార్వర్డ్‌గా ఆడించారు. సెప్టెంబరు 4న ఫైనల్లో దక్షిణ కొరియా మీద పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఇంకో గోలు కొట్టారు. 2-1, స్వర్ణం. స్టేడియంలో లక్ష మంది భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తున్నారు. ఆ గోలలో చెయ్యెత్తి ఎవరికి మొరపెట్టుకుంటావు? మరుసటి ఏడు జూన్‌లో క్యాన్సర్‌తో రహీం సాబ్ పోయారు. ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉండి, తర్వాత అంతర్జాతీయ రెఫరీ అయ్యారు. ఆ ఇంట్లో తండ్రి ఆటగాళ్లను తయారు చేస్తే, కొడుకు విజిల్ పట్టుకున్నాడు. ఇక డిఫెండర్లలో మన హైదరాబాద్ సయ్యద్ నయీముద్దీన్ ఉండనే ఉన్నారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్. తర్వాత కోచ్‌గా క్రమశిక్షణ విషయంలో ఎవర్నీ లెక్కచెయ్యని మనిషి.

రహీం సాబ్ పద్ధతిలోనే మన పీఈటీ సార్లకు, మేడంలకు ఒకటి చెప్పాలనుంది. వారానికో రోజు ఆఫ్‌సైడ్ లేని ఆట ఆడించండి. ఎవరు ఎక్కడ నిలబడినా విజిల్ ఉండదని ముందే చెప్పండి. మొదటి పది నిమిషాలు పిల్లలు అలవాటుకొద్దీ చేతులెత్తుతారు, గోల్స్ కుప్పలుగా పడతాయి. తర్వాత చేతులు తగ్గుతాయి, డిఫెండర్లు వెనక్కి తిరిగి పరిగెత్తడం మొదలుపెడతారు. ఇంకో రోజు ఆఫ్‌సైడ్ ఉంచి, విజిల్ మాత్రం కావాలని రెండు సెకన్లు ఆలస్యంగా ఊదండి. ఆ రెండు సెకన్లలో ఎవరు ఆగారో, ఎవరు వెంటపడ్డారో చూస్తే మీకు జట్టు ఎంపికే అయిపోతుంది.

జెండాల సంగతి ఇంకా ముఖ్యం. మన మండల స్థాయి పోటీల్లో చాలాసార్లు రెఫరీ ఒక్కడే. గీత పక్కన ఎవరూ ఉండరు, లేదా ఆ ఊరి పెద్దమనిషి ఎవరో కుర్చీ వేసుకుని ఉంటారు. మైదానం మధ్యలో నిలబడ్డ రెఫరీకి ఆఫ్‌సైడ్ గీత సరిగ్గా కనిపించే అవకాశమే లేదు. అందుకే చేతులు అంత ఎక్కువ లేస్తాయి. దీనికి ఖర్చేం లేదు. బయట కూర్చున్న పిల్లల్లో ఇద్దరికి రెండు కర్రలు, రెండు రంగు గుడ్డలు ఇచ్చి చెరో గీత మీద పెట్టండి. చివరి డిఫెండర్‌కు సరిగ్గా ఎదురుగా పక్కకు అడుగులేస్తూ నడవడం నేర్పండి. సగం ఆట అయ్యాక జెండా ఇంకొకరికి మార్చండి. ముఖ్యంగా ఎప్పుడూ చెయ్యెత్తే డిఫెండర్ ఎవడో చూసి, వాడికి మొదట ఇవ్వండి. నలభై నిమిషాలు జెండా పట్టుకుని, నలుగురు స్నేహితులు తనవైపు తిరిగి "ఏందబ్బా, కనపడలేదా?" అని అరిస్తే ఎట్లా ఉంటుందో వాడికి ఒక్కసారి తెలియాలి. ఆ తర్వాత వాణ్ణి మళ్లీ డిఫెన్స్‌లోకి పంపండి.